లుకేమియా వైరసుతో బ్రతుకు పిల్లి

పైకి ఏ రోగలక్షణమును లేక, వేళకు తినుచు, వేళకు నిద్రించుచు, ఆటలాడుకొనుచున్న పిల్లి రక్తమును పశువైద్యుడు పరీక్షించి, అందు లుకేమియా వైరసు ఉన్నదని తెలిపినప్పుడు, దానిని పెంచుకొనువారి మనస్సులో మూడు ప్రశ్నలు ఒకదాని వెంట నొకటి పుట్టును. ఈ ప్రాణి ఇంకెన్నాళ్లు బ్రతుకును? ఇంటిలోని తక్కిన పిల్లుల గతి యేమి? మాకును మా బిడ్డలకును ఇది అంటునా? ఈ మూడింటికిని నేటి శాస్త్రము చెప్పు సమాధానములు ఏబది యేండ్ల క్రిందటి సమాధానములకంటె ఎంతయో భిన్నమైనవి. ఆ దినములలో ఈ పరీక్షాఫలమే మరణశాసనమై, ఒంటిమీద ఒక పుండైనను లేని పిల్లులు సయితము వధింపబడినవి. వైరసును దేహమునుండి సమూలముగా తొలగింపగల ఔషధము అప్పుడు లేదు, ఇప్పుడును లేదు. అయినను ఇప్పుడు ఆ వైరసు గల పిల్లులు అనేకము తమ యిండ్లలో సంవత్సరముల తరబడి సుఖముగా జీవించుచున్నవి. వైరసు ఎక్కడ బలమైనదో, ఎక్కడ దుర్బలమైనదో తెలిసికొని, ఆ తెలివిని నిత్యపోషణలోనికి తెచ్చుకొనుటవలననే ఈ మార్పు సాధ్యమైనది. పిల్లికి చేయవలసిన ప్రతి ఉపచారమునకును వెనుక ఈ వైరసు స్వభావములోని సత్యమొకటి నిలిచియున్నది. ఆ సత్యము నెఱిగినవారు నియమములను కంఠస్థము చేయనక్కఱలేదు, అవి తమంతట తామే తోచును. అందుచేత ఈ అధ్యాయమున ముందుగా వైరసును గూర్చియు, పిమ్మట పోషణను గూర్చియు వివరింతును.

గ్లాస్గో నగరములోని పిల్లులు

కాన్సరు వ్యాధికి వైరసు కారణము కావచ్చునను ఊహ ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండియు ఉన్నది. 1908లో కోపెన్‌హాగెన్ నగరమున ఎల్లెర్మన్, బాంగ్ అను శాస్త్రజ్ఞులిరువురు కోళ్ళ లుకేమియాను, కణములు లేకుండ వడకట్టిన ద్రవముద్వారా, ఒక కోడినుండి మఱియొక కోడికి సంక్రమింపజేసిరి. 1911లో అమెరికాలో పేటన్ రౌస్ కోళ్ళలో పుట్టు కంతి విషయమున అట్టి సత్యమునే నిరూపించెను. 1951లో లుడ్విక్ గ్రాస్ చిట్టెలుకల లుకేమియాకును వైరసే కారణమని చూపెను. ఇన్ని నిదర్శనములున్నను వైద్యలోకము సంశయమును విడువలేదు. కోళ్ళు పక్షులు, ఆ చిట్టెలుకలో, ప్రయోగశాలలలో తరతరములుగా స్వవంశమునందే జతగూర్చి పెంచినవి. ఇండ్లలోను వీథులలోను స్వేచ్ఛగా తిరుగు క్షీరదములకు ఈ సిద్ధాంతము వర్తించునా యని పెక్కురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు ఉత్తరము స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమునుండి వచ్చెను.

ఆ నగర విశ్వవిద్యాలయపు పశువైద్య విద్యాలయమున విలియం జారెట్ అను శాస్త్రజ్ఞుడుండెను. పశువుల ఊపిరితిత్తులలో చేరి వానిని దగ్గుతో కృశింపజేయు పురుగులకు విరుద్ధముగా టీకాను రూపొందించినవారిలో ఆయన ఒకడు. వ్యాధి ఎక్కడ పుట్టినదని మాత్రమే కాక, ఎట్లు ప్రాకినదని విచారించుట ఆయనకు అలవాటు. ఒకే యింటిలో పెరుగుచున్న పిల్లులు ఒకదాని తరువాత నొకటి శోషరస గ్రంథుల కాన్సరుతో మరణించుచున్నవను వార్త ఆయన చెవిని బడెను. కంతి యనునది ప్రాణి దేహమున యాదృచ్ఛికముగా పుట్టునదే యైనచో, ఆ యదృచ్ఛ ఒకే కప్పు క్రింద ఇన్నిమారులు సంభవించుట ఎట్లు? జారెట్ తన సహచరులతో గూడి, ఆ వ్యాధిగ్రస్తమైన కణజాలపు సారమును పసికూనల కెక్కింపగా, వానికిని ఆ వ్యాధియే పుట్టెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా కణముల పొరలనంటి వైరసు రూపములు కానవచ్చెను. 1964లో ఈ విషయములు ‘నేచర్’ పత్రికలో వెలువడినవి. మనుష్యునితో ఒకే కప్పు క్రింద మెలగు క్షీరదమొకదానిలో, ప్రకృతిసిద్ధముగా, కాన్సరు ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి వైరసుద్వారా ప్రాకుచుండవచ్చునను సంగతి ఇట్లు బయల్పడెను.

వైరసు నడక

ఈ వైరసు మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రమాణము గలది. దాని జన్యుసంపద ఆర్.ఎన్.ఏ. రూపమున నుండును. జీవకణములలో సామాన్యముగా డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. పుట్టును, ఈ జాతి వైరసు అందుకు విపరీతముగా తన ఆర్.ఎన్.ఏ. నుండి డి.ఎన్.ఏ.ను నిర్మించుకొనును. ఈ విలోమక్రియను నడుపు ఎంజైమును 1970లో హవర్డ్ టెమిన్, సతోషి మిజుతాని ఒకవైపునను, డేవిడ్ బాల్టిమోర్ వేఱొకవైపునను స్వతంత్రముగా కనుగొనిరి. టెమిన్, బాల్టిమోర్ లకు 1975లో రెనాటో డుల్బెకోతో పాటు నోబెల్ బహుమానము లభించెను. ఇట్లు పుట్టిన డి.ఎన్.ఏ. పిల్లి కణములోని క్రోమోజోములో చేరి అతుకుకొనిపోవును. తాళపత్ర గ్రంథమున లేఖకుడొకడు చొప్పించిన ప్రక్షిప్త పద్యము, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నింటను మూలముతో సమానముగా నిలిచిపోవునట్లు, ఒకమారు చేరిన ఈ జన్యుభాగము ఆ కణమునుండి పుట్టు సంతతి కణములన్నింటను చేరును. వైరసును నిర్మూలించు ఔషధము లేకపోవుటకు కారణ మిదియే. దేహములోని మూలుగయందలి కణములలో చేరినదానిని, ఆ కణములను చంపక, ఏరివేయుట సాధ్యము కాదు.

అయితే దేహములోపల ఇంత దృఢముగా నాటుకొను వైరసు దేహము వెలుపల అత్యంత దుర్బలము. దాని చుట్టునుండు పొర క్రొవ్వుతో నేయబడినది. సబ్బునీరు తగిలినంతనే అది చెదరిపోవును. ఎండిన నేలమీద అది నిమిషములలోనో, కొలది గంటలలోనో నశించును. గాలిలో దూరము పయనింపదు. కావున ఒక పిల్లినుండి మఱియొక పిల్లికి చేరుటకు దానికి సన్నిహిత స్పర్శ కావలెను. వ్యాధి గల పిల్లి లాలాజలములోను, ముక్కునుండి కారు ద్రవములోను వైరసు సమృద్ధిగా నుండును. పిల్లులు ఒకదానినొకటి నాకి శుభ్రపఱచుకొనుట, ఒకే పళ్లెమున తినుట, ఒకే గిన్నెలో నీరు త్రాగుట, కొట్లాటలో కఱచుకొనుట దానికి ముఖ్యమైన మార్గములు. తల్లినుండి గర్భములోను, పాలద్వారాను, నాకుటద్వారాను కూనలకు చేరును. పసికూనలు దీనికి సులభముగా లోబడును. వయస్సు పెరిగినకొలది ప్రతిఘటనశక్తి పెరుగును, కాని ఎదిగిన పిల్లులకును అపాయము పూర్తిగా తొలగిపోదు.

నోటిద్వారా ప్రవేశించిన వైరసు మొదట గొంతులోని టాన్సిళ్ళలోను, సమీపపు శోషరస గ్రంథులలోను వృద్ధిపొంది, తెల్లకణములనాశ్రయించి దేహమంతట వ్యాపించి, మూలుగను చేరుటకు ప్రయత్నించును. ఈ ఘట్టమున పిల్లి రోగనిరోధకశక్తి ఎంత త్వరగా మేల్కొనునను దానిపై తక్కిన చరిత్ర అంతయు ఆధారపడియుండును. కొన్ని పిల్లులు వైరసును ఆరంభముననే అణచివేయును. వానికి పిమ్మట ఏ బాధయు లేదు. మఱికొన్నింటిలో వైరసు మూలుగను చేరి కణముల జన్యువులలో నాటుకొనును గాని, నిరోధకశక్తి దానిని పెరుగనీయదు. అది నిద్రాణమై యుండును, లాలాజలములో వెలువడదు, ఇతర పిల్లులకు సోకదు. కాని అట్టి పిల్లి రక్తమును వేఱొక పిల్లికెక్కించినచో వైరసు సంక్రమింపవచ్చును. నిరోధకశక్తి క్షీణించినప్పుడు నిద్రాణమైనది మేల్కొనవచ్చును. మూడవ తెగ పిల్లులలో నిరోధకశక్తి ఓడిపోవును; వైరసు ఎడతెగక రక్తములోను లాలాజలములోను ప్రవహించుచుండును. ప్రాణభయము కలుగునది ముఖ్యముగా ఈ మూడవ స్థితియందే.

ఈ స్థితియందు హాని మూడు విధములుగా కలుగును. మొదటిది రక్తహీనత. పిల్లినుండి పిల్లికి ప్రాకునది వైరసులోని ‘ఏ’ ఉపజాతి. అది పిల్లి దేహములోననే మార్పుచెంది ఇతర రూపములు దాల్చును. అందు ‘సి’ అను రూపము, ఎఱ్ఱకణములు పరిణతి చెందుటకు ఆవశ్యకమైన ఒక ప్రోటీనుకు తగులుకొని దాని పనిని అడ్డగించుటచే, మూలుగలో ఎఱ్ఱకణముల పుట్టుకయే ఆగిపోవును. ‘బి’ అను రూపము పుట్టు విధము మఱింత విచిత్రము. పూర్వమెప్పుడో ఇట్టి వైరసే పిల్లి జాతి పూర్వికుల బీజకణములలో చేరి వంశపారంపర్యముగా దిగివచ్చిన భాగములు నేటి పెంపుడు పిల్లులన్నింటి జన్యువులలోను కలవు. క్రొత్తగా సోకిన ‘ఏ’ వైరసు ఆ పురాతన భాగములతో కలసినప్పుడు ‘బి’ ఉద్భవించును. హానిలో రెండవది రోగనిరోధకశక్తి క్షీణించుట. ఆరోగ్యవంతమైన పిల్లి లెక్కసేయని సూక్ష్మజీవులు ఈ పిల్లిలో చిగుళ్ళ వాపును, ముక్కుకారుటను, విరేచనములను, మానని పుండ్లను కలిగించును. మూడవది కాన్సరు. చిన్నవయస్సు పిల్లులలో అది తఱచుగా ఱొమ్ములోపలి థైమస్ గ్రంథి ప్రాంతమున కంతిగా పెరిగి ఊపిరి నడ్డగించును. మఱికొన్నింటిలో మూలుగయందు పుట్టి రక్తమున ప్రవహించు లుకేమియాగా పరిణమించును.

పరీక్ష చెప్పునది, చెప్పనిది

ఈ వైరసు పిల్లినుండి పిల్లికి ప్రాకుచున్నదను సత్యమును గృహములలోని పిల్లుల రక్తపరీక్షలద్వారా 1973లో న్యూయార్కు నగరమున విలియం హార్డీ బృందము స్పష్టముగా నిరూపించెను. రక్తకణములలోని వైరసు ప్రోటీనులను వెలుగు రంగులద్వారా పట్టుకొను పరీక్షను ఆయన ప్రచారమునకు తెచ్చెను. దానితో వ్యాధి గల పిల్లులను గుర్తించి తొలగించు విధానము వచ్చెను. పిల్లులు పెక్కు గల స్థలములలో వైరసు నెదుర్కొనుటకు అప్పటికి వేఱు సాధనము లేదు. కాని తొలగించుట యనగా అనేక సందర్భములలో చంపుటయే అయినది. 1980లో ప్రకటితమైన పరిశీలన యొకటి, వైరసు నిలకడగా నున్న పిల్లులలో నూటికి 83 మూడున్నరేండ్లలోపల మరణించినవని తెలిపెను. వానితో పాటు మెలగిన వైరసు లేని పిల్లులలో మరణించినవి నూటికి 16. ఈ సంఖ్యను విన్నవారు నిరాశ చెందుట సహజము. అయితే అది పిల్లులు గుంపుగా నివసించిన గృహములలోని లెక్క యనుటను మఱువరాదు. అట్టి చోట్ల ఒకదాని జలుబు పదింటికి ప్రాకును, వైరసు సంపర్కము నిత్యము పునరావృతమగుచుండును. ఒంటరిగానో, ఒకటి రెండింటితోనో, ప్రశాంతమైన యింటిలో పెరుగు పిల్లుల ఆయుర్దాయమును ఆ సంఖ్యతో కొలువరాదు.

నేడు పశువైద్యశాలలలో చేయు పరీక్షకు కొలది రక్తపు చుక్కలు చాలును. వైరసు గర్భములోని పి27 అను ప్రోటీను రక్తమున నున్నదో లేదో సుమారు పది నిమిషములలో తెలియును. ఈ పరీక్ష వెదకునది వైరసు ప్రోటీనునే కాని పిల్లి పుట్టించుకొను ప్రతిరక్షకములను కాదు. కావున తల్లిపాలలోని ప్రతిరక్షకములు కూనలలో దీనిని తాఱుమాఱు చేయవు, కూనలను ఏ వయస్సుననైనను పరీక్షింపవచ్చును. కాని ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. వైరసు సోకిన పిమ్మట ఆ ప్రోటీను రక్తమున కనబడుటకు సుమారు ఒక నెల పట్టవచ్చును. ఆ నడుమ పరీక్షించినచో లేదని తేలవచ్చును. ఉన్నదని తేలినను, కొన్ని వారములలో నిరోధకశక్తి దానిని అణచివేయవచ్చును. కావున మఱల పరీక్షించుటయు, జన్యుభాగములను వెదకు పి.సి.ఆర్. పరీక్షను జోడించుటయు యుక్తము. వైరసు నిద్రాణముగా నున్న పిల్లికిని, నిలకడగా ప్రవహించుచున్న పిల్లికిని భవిష్యత్తు ఒక్కటి కాదు. మొదటిది సాధారణమైన పిల్లివలెనే ముసలితనము వఱకు బ్రతుకవచ్చును. ఆరోగ్యముగా నున్న పిల్లిని ఒక్క పరీక్షాఫలము చూచి చంపుట శాస్త్రసమ్మతము కాదు.

ఇంటిలో పోషణ

వైరసుకు సన్నిహిత స్పర్శయే వాహనము కావున మొదటి నియమము పిల్లిని ఇంటిలోననే ఉంచుట. దీనివలన రెండు ప్రయోజనములు కలవు. వీథిపిల్లులకు దీనినుండి వైరసు చేరదు. క్షీణించిన నిరోధకశక్తి గల ఈ పిల్లికి వీథినుండి క్రొత్త రోగములు చేరవు. రెండవ ప్రయోజనము మొదటిదానికంటె పిల్లికి విలువైనది. గోడలు దాటి, కప్పులెక్కి, నాలుగిండ్ల గడపలు త్రొక్కు స్వేచ్ఛకు అలవాటుపడిన మన ప్రాంతపు పిల్లులకు ఇది మొదట కష్టమనిపించును; కిటికీకి జాలీ బిగించి, ఎక్కుటకు ఎత్తైన అరలను, గోళ్ళు గీరుకొనుటకు గోనె చుట్టిన మొద్దును, ప్రతిదినము కొంతసేపు ఆటను సమకూర్చినచో అది ఇంటిని తన రాజ్యముగా చేసికొనును. సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుట తప్పనిసరి. గండుపిల్లి కొట్లాటలు తగ్గును, ఆడపిల్లి కూనలకు వైరసు నీయదు, బయటకు పరుగెత్తవలెనను తహతహయు శమించును.

ఇంటిలో ఇతర పిల్లులున్నచో అన్నింటిని పరీక్షింపజేయవలెను. వైరసు లేనివానిని వేఱు గదిలో, వేఱు పళ్లెములతో, వేఱు ఇసుకపెట్టెతో నుంచుట ఉత్తమము. సబ్బుతో కడుగుకొన్న చేతులు వైరసును మోయవు కావున మనుష్యులు ఒక గదినుండి మఱియొక గదికి నిశ్చింతగా పోవచ్చును. వైరసు లేని పిల్లులకు టీకా వేయింపవలెను. లుకేమియా వైరసు టీకా 1985లో అమెరికాలో తొలిసారి వెలువడెను. పిమ్మట మెఱుగైన టీకాలు వచ్చినవి. సాధారణముగా కూనలకు ఎనిమిది వారముల వయస్సు దాటిన పిమ్మట మూడు నాలుగు వారముల వ్యవధితో రెండు మోతాదులిచ్చి, ఏడాదికి మఱియొకటి యిత్తురు. టీకా ఏ పిల్లికిని సంపూర్ణ రక్షణ నీయదు, ఇదివఱకే వైరసు సోకిన పిల్లికి ఏ మేలును చేయదు; కావున టీకా వేసితిమిగదా యని వ్యాధి గల పిల్లితో కలసి తిననిచ్చుట వివేకము కాదు. వైరసు గల పిల్లి ఉన్న యింటికి క్రొత్త పిల్లిని తీసికొని రాకుండుట మంచిది. అట్లు తెచ్చుట తప్పనిచో, వైరసు గల మఱియొక పిల్లియే తగిన తోడు.

ఆహార విషయమున వైరసు చెప్పు పాఠము సూటియైనది. నిరోధకశక్తి తగ్గిన దేహమునకు పచ్చిమాంసము, పచ్చిగ్రుడ్లు, కాచని పాలు ప్రమాదకరములు. అందలి సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా వంటి సూక్ష్మజీవులు ఇతర పిల్లులను వదలినను దీనిని వదలవు. మాంసమును చక్కగా ఉడికించియే పెట్టవలెను. మన యిండ్లలో పిల్లికి పెరుగన్నమును, పాలన్నమును పెట్టి సరిపుచ్చు ఆచారము కలదు. అది ఏ పిల్లికిని చాలదు, ఈ పిల్లికి అసలే చాలదు. పిల్లి స్వభావతః మాంసాహారి. టారిన్ అను పదార్థమును అది తనకు చాలినంత నిర్మించుకొనలేదు. మాంసము, చేపలు, అట్టి పోషకములు కలిపిన పిల్లుల ఆహారము లేనిచో దాని కన్నులును గుండెయును చెడును. ఎఱ్ఱకణములు చాలక అలమటించు దేహమునకు మంచి మాంసకృత్తులు ఔషధముతో సమానము. త్రాగునీటిని నిత్యము మార్చవలెను. తేలికగా తీసికొనరాని మఱియొక శత్రువు గోమారి, పిడుదు, దోమ వంటి రక్తము పీల్చు కీటకసమూహము. వీనిలో కొన్నింటిద్వారా చేరి ఎఱ్ఱకణములనంటి వానిని నాశనముచేయు సూక్ష్మజీవులు కలవు, అందు మైకోప్లాస్మా హీమోఫెలిస్ ముఖ్యమైనది. కావున కీటకములను, కడుపులోని నులిపురుగులను వైద్యుని సలహాతో కాలానుసారముగా తొలగింపజేయవలెను.

నిత్యపరిశీలనకు మించిన వైద్యము లేదు. నెలకు రెండుమారులు త్రాసుపై తూచి వ్రాసిపెట్టుకొనవలెను. పిల్లి వెండ్రుకల గుబురులో కన్నుకు కనబడని క్షీణతను త్రాసు కనిపెట్టును. పైపెదవిని కొంచె మెత్తి చిగుళ్ళను చూచుట అలవఱచుకొనవలెను. గులాబి రంగు పోయి తెల్లబడినచో రక్తము తగ్గినదని గుర్తు. నిద్రించునప్పుడు ఊపిరి వేగమును గమనింపవలెను. ప్రక్కలెగురునట్లు ఊపిరి తీయుట ఱొమ్ములోని కంతికో, నీరు చేరుటకో సూచన కావచ్చును. దవడ క్రిందను, మోకాళ్ళ వెనుకను గడ్డలు తగులునేమో నెమ్మదిగా తడిమి చూడవలెను. ఆరునెలలకొకమారు వైద్యునిచే రక్తపరీక్షతో కూడిన పరిశీలన చేయింపవలెను. జ్వరము వచ్చినను, ఒక దినము పూర్తిగా ఆహారము మానినను వేచియుండరాదు. మామూలు పిల్లి రెండు దినములలో తేరుకొను రుగ్మత ఈ పిల్లిలో లోతుగా నాటుకొనును. అదియును గాక, రెండు మూడు దినములు తినని పిల్లికి కాలేయమున క్రొవ్వు చేరి అదియే ప్రాణాంతకము కాగలదు. మనుష్యుల జ్వరపు మాత్రయైన పారాసిటమాల్‌ను ఏ పిల్లికిని ఒక ముక్కయైనను వేయరాదు. అది ఎఱ్ఱకణములను, కాలేయమును ధ్వంసము చేయును. ఏ వైద్యునికడకు పోయినను వైరసు సంగతి ముందుగా చెప్పవలెను. నిరోధకశక్తిని అణచు స్టీరాయిడ్ ఔషధములను తప్పనిసరి యైనప్పుడు తప్ప వాడరాదు గదా!

ఔషధముల పని

వైరసుకు మందు లేదనుట పిల్లికి వైద్యము లేదనుట కాదు. ఇతర సూక్ష్మజీవుల దాడిని యాంటీబయాటిక్ ఔషధములతో, చిగుళ్ళ వ్యాధిని దంతచికిత్సతో, తీవ్రమైన రక్తహీనతను పరీక్షించిన రక్తము నెక్కించుటతో ఎదుర్కొనవచ్చును. పిల్లుల కొఱకు తయారైన ఒమెగా ఇంటర్‌ఫెరాన్, మనుష్యుల హెచ్.ఐ.వి.కి వాడు జిడోవుడిన్ కొన్ని పిల్లులలో వాడబడుచున్నవి. రెండవది మూలుగను బాధించి రక్తహీనతను కలిగింపగలదు కావున అనుభవజ్ఞుని పర్యవేక్షణ అత్యావశ్యకము.

కాన్సరు పుట్టినప్పుడు చేయు చికిత్సలో మన తెలుగువారికి ఆత్మీయమైన సంగతులు రెండు కలవు. పిల్లుల లింఫోమాకు, అనగా శోషరస గ్రంథుల కాన్సరుకు, వాడు ఔషధములలో ప్రధానమైన విన్‌క్రిస్టిన్ మన యిండ్ల ముంగిళ్ళలో ఏడాది పొడుగున పూయు బిళ్ళగన్నేరు మొక్కనుండి లభించినది. ఆ మొక్క ఆకులు నూఱి త్రాగించిన వ్యాధి తగ్గునని ఎవరును భ్రమపడరాదు. అది విషవృక్షజాతి, దానినుండి శుద్ధిచేసి గ్రాములో అత్యల్ప భాగముగా కొలిచి నరములోనికి ఎక్కించిననే అది ఔషధమగును. రెండవది, ఔషధములతో లుకేమియాను లొంగదీయవచ్చునను ఆశ ప్రపంచమునకు కలుగుటలో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధి ఔషధముతో సిడ్నీ ఫార్బర్ బోస్టన్ నగరమున లుకేమియా గల పసిబిడ్డలకు తాత్కాలిక ఉపశమనమును సాధించి 1948లో ప్రకటించెను. మనుష్యశిశువునకు ఆరంభమైన ఆ ఔషధమార్గమే క్రమముగా పశువైద్యమునకును విస్తరించినది. వైరసు గల పిల్లిలో ఈ చికిత్స వ్యాధిని సమూలముగా పోగొట్టదు. కొన్నింటికి కొన్ని నెలల సుఖజీవనము నిచ్చును. ఆ నెలలకై పిల్లి పడు శ్రమ ఎంత, పొందు సుఖమెంత యని వైద్యుడును యజమానియు కూర్చుండి తూచుకొనవలెను.

మనుష్యులకు భయము లేదు

ఈ వైరసు మనుష్యులకు సోకినట్లు నిదర్శన మొక్కటియు లేదు, కుక్కలకును సోకదు. పిల్లిని ఒడిలో కూర్చుండబెట్టుకొన్నను, అది చేతిని నాకినను లుకేమియా రాదు. అయితే నిరోధకశక్తి తగ్గిన పిల్లి ఇతర సూక్ష్మజీవులను వెలువరింపవచ్చును. గర్భిణీస్త్రీలును, కాన్సరు చికిత్స పొందుచున్నవారును ఇసుకపెట్టెను శుభ్రముచేయు పనిని ఇతరుల కప్పగించుట మంచిది. ఈ జాగ్రత్త ఏ పిల్లి విషయముననైనను అవసరమే. ఈ వైరసు నిరోధకశక్తిని కుంగదీయు విధమును పరిశోధించిన మాక్స్ ఎసెక్స్ వంటివారు, ఎయిడ్స్ వ్యాధి బయల్పడినప్పుడు దాని కారణమును ఈ జాతి వైరసులైన రిట్రోవైరసులలో వెదకుటకు ముందుకు వచ్చినవారిలో నుండిరి. పిల్లులనుండి నేర్చినది మనుష్యునికి ఉపకరించెను.

పెంపుడు పిల్లినుండి ఈ వైరసు అడవి పిల్లిజాతులకును ప్రాకినది. 2002 మొదలుకొని అమెరికాలోని ఫ్లోరిడాలో అత్యల్పసంఖ్యలో మిగిలియున్న పాంథర్ మృగములలోను, 2007లో స్పెయిన్ దేశపు దొన్యానా ప్రాంతమున ఐబీరియా లింక్స్ అను అరుదైన అడవిపిల్లి జాతిలోను ఇది వ్యాపించి మరణములకు కారణమైనది. వానిని పట్టి పరీక్షించి, టీకాలు వేసి అదుపులోనికి తేవలసివచ్చెను. ఒక యింటి పిల్లిని ఇంటిలో నుంచుట ఆ యింటివారి సొంత వ్యవహారము మాత్రమే కాదని దీనివలన గ్రహింపవచ్చును.

ఆశ్రయమును, అంత్యమును

ఉత్తర అమెరికాలో 18,038 పిల్లులను పరీక్షించి 2006లో ప్రకటించిన పరిశీలనలో నూటికి 2.3 పిల్లులలో ఈ వైరసు కనబడినది. అనగా ఇది అపురూపమైన వ్యాధి కాదు, అన్నిచోట్ల విజృంభించినదియు కాదు. పరీక్షయు, టీకాయు, వేఱుగా నుంచుటయు కలసి దానిని తగ్గింపగలవు. ఒకప్పుడు ఆశ్రయశాలలలో ఈ వైరసు గల పిల్లులకు మరణమే గతి. నేడు టెక్సాస్ రాష్ట్రమున ఆస్టిన్ నగరములోని ఆశ్రయసంస్థ వంటివి అట్టి పిల్లులను వేఱుగా పోషించి, సంగతి తెలిపి, ఇష్టపడిన గృహస్థుల కిచ్చుచున్నవి. ఇతర పిల్లులు లేని ప్రతి యిల్లును వానికి తగిన యిల్లే.

ఒక దినము అది ఆహారమును ముట్టక, చికిత్సకు లోబడక, ఊపిరికై తపించు స్థితి రావచ్చును. అప్పుడు బాధ లేని మరణమును వైద్యునిచే ఇప్పించుట పోషణకు విరుద్ధము కాదు, పోషణలోని చివరి ధర్మము. అయితే ఆ నిర్ణయము పిల్లి పడుచున్న బాధను చూచి చేయవలసినది. పరీక్షాపత్రమును చూచి చేయవలసినది కాదు. ఆరోగ్యముతో నున్న దినములలో దానిని రోగిగా చూచి దుఃఖించుటకంటె, త్రాసును, కడిగిన పళ్లెమును, ఉడికిన మాంసమును, మూసిన తలుపును, ఆరునెలల పరీక్షను నమ్ముకొని యుండుట మేలు. ఇవి ఏ గృహస్థునికైనను అసాధ్యములు కావు. ఇవి తప్పక జరిగిన యింట వైరసు గల పిల్లి బ్రతుకును, బ్రతికినన్నాళ్లు బాగుగానే బ్రతుకును.